డ్రోసోఫిలా సెప్టిన్ల సహవ్యక్తీకరణ ప్లాస్మిడ్

పండ్ల ఈగ (డ్రోసోఫిలా మెలనోగాస్టర్) కణాల్లో ఉండే సెప్టిన్ అనే ప్రోటీన్లను రెండు మూడు కలిపి ఒకే బాక్టీరియా కణంలో, ఒకే సమయంలో తయారు చేయించడానికి ప్రయోగశాలలో కూర్చిన వలయాకార డీఎన్‌ఏనే డ్రోసోఫిలా సెప్టిన్ల సహవ్యక్తీకరణ ప్లాస్మిడ్ అంటారు. ఆతిథ్యమిచ్చే బాక్టీరియా దాదాపు ఎప్పుడూ ఎషరీషియా కోలై. ఇలా తయారైన సెప్టిన్లు బాక్టీరియా లోపలే ఒకదాన్నొకటి పట్టుకుని నిర్దిష్ట నిష్పత్తిలో సంకీర్ణంగా ఏర్పడతాయి. ఆ సంకీర్ణాన్ని శుద్ధిచేసి దాని ఆకృతి, ఎంజైమ్ గుణాలు, పోగులుగా పేరుకునే తీరు, ఆక్టిన్‌తోనూ కణపొరలతోనూ దానికున్న సంబంధం పరిశీలిస్తారు. ఈ పేరుతో ఉన్నది ఒక్క ప్లాస్మిడ్ కాదు. ఒకే పనికోసం వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు అమరికలతో కట్టిన ప్లాస్మిడ్లన్నీ ఈ వర్గంలోకి వస్తాయి.

ప్లాస్మిడ్: సాధారణ పరిచయం

బాక్టీరియా క్రోమోసోముతో నిమిత్తం లేకుండా తనంతట తాను ప్రతులు తీసుకోగల డీఎన్‌ఏను ప్లాస్మిడ్ అంటారు. ఈ పేరు 1952లో జాషువా లెడర్‌బర్గ్ పెట్టాడు. ప్రకృతిలో ఇవి యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులను, అరుదైన పదార్థాలను ఆహారంగా వాడుకునే జన్యువులను ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి మోసుకుపోతాయి. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ బృందాలు కత్తిరించిన డీఎన్‌ఏను ప్లాస్మిడ్‌లో అతికించి కోలైలో ప్రతులు తీయించాయి. 1977లో వచ్చిన పీబీఆర్322 (4,361 క్షారజతలు) ప్రపంచమంతా వాడిన తొలి సాధారణ వాహకం. 1986లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం స్టడియర్, బార్బరా మోఫట్ టీ7 వైరస్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను వాడి కోలైలో ప్రోటీన్లను భారీగా తయారుచేసే పద్ధతిని వివరించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న సెప్టిన్ ప్లాస్మిడ్లలో ఎక్కువ భాగం ఆ పద్ధతి సంతానమే. (చూడండి: టీ7 ప్రమోటర్, జన్యు ఇంజనీరింగ్.)

సెప్టిన్లు

సెప్టిన్లు జీటీపీ అనే గ్వానిన్ న్యూక్లియోటైడ్‌ను పట్టుకునే ప్రోటీన్లు. శిలీంధ్రాల్లోనూ జంతువుల్లోనూ ఉంటాయి, నేలమొక్కల్లో లేవు. వాటి ఆచూకీ మొదట రొట్టె ఈస్ట్‌లో దొరికింది. 1970 ప్రాంతంలో సియాటిల్‌లో లీలాండ్ హార్ట్‌వెల్ కణవిభజన మధ్యలో ఆగిపోయే ఈస్ట్ ఉత్పరివర్తకాలను సేకరించాడు (ఆ కృషికే 2001 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది). వాటిలో సీడీసీ3, 10, 11, 12 అనే నాలుగు జన్యువులు చెడితే కేంద్రకాలు విడిపోతాయి గాని తల్లికణం, మొగ్గ వేరుపడవు. 1976లో బ్రెక్ బయర్స్, లోరెటా గెట్ష్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మొగ్గ మెడ చుట్టూ సుమారు 10 నానోమీటర్ల మందం గల పోగుల వలయాన్ని చూశారు. ఆ పోగుల సరుకే ఈ నాలుగు జన్యువుల ఉత్పత్తి అని తర్వాత తేలింది.

ఈగలో సెప్టిన్ల కథ కంటి నుంచి మొదలైంది. ఈగ కంటిలో ఏడో కాంతిగ్రాహక కణం ఏర్పడే దారిని జన్యుపరంగా వెతుకుతున్న బెర్క్‌లీ శాస్త్రవేత్తలు థామస్ న్యూఫెల్డ్, జెరాల్డ్ రూబిన్‌లకు పీనట్ అనే జన్యువు తగిలింది. దాని వరుస ఈస్ట్ మెడ పోగుల ప్రోటీన్లను పోలి ఉందని 1994లో ప్రకటించారు. పీనట్ లేని ఈగలు ప్యూపా దశ ప్రాంతంలో చనిపోతాయి, వాటి కణాలు పూర్తిగా విడిపోలేక ఒక్కో కణంలో ఒకటికి మించి కేంద్రకాలు మిగులుతాయి. తర్వాత సెప్1, సెప్2, సెప్4, సెప్5 వెలుగులోకి వచ్చాయి. ఈగకు మొత్తం సెప్టిన్ జన్యువులు ఈ ఐదే. సెప్5లో ఇంట్రాన్లు లేవు, అది సెప్2 సందేశక ఆర్‌ఎన్‌ఏ నుంచి తిరిగి డీఎన్‌ఏగా మారి క్రోమోసోములో చేరిన ప్రతి అని భావిస్తారు.

మనిషికి 13 సెప్టిన్ జన్యువులున్నాయి. అవి వరుస పోలికను బట్టి నాలుగు ఉపకుటుంబాలుగా విడిపోతాయి. ఈగలో మూడు ఉపకుటుంబాలకే ప్రతినిధులున్నారు: సెప్1, సెప్4 మానవ సెప్టిన్2 వర్గానికి, సెప్2, సెప్5 సెప్టిన్6 వర్గానికి, పీనట్ సెప్టిన్7 వర్గానికి చెందుతాయి. మనిషిలో ఆరు అణువుల సంకీర్ణాలతో పాటు నాలుగో వర్గానికి చెందిన సెప్టిన్9 చేరిన ఎనిమిది అణువుల సంకీర్ణాలు కూడా ఉంటాయి. ఈగలో ఆ నాలుగో వర్గం లేదు కాబట్టి ఆరు అణువుల సంకీర్ణాలే ఉంటాయి. పరిశోధకులు ఈగ సెప్టిన్లను ఇష్టపడటానికి ఇదొక కారణం. అంతకన్నా సరళమైన జంతువు కావాలంటే సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగు ఉంది, దానికి రెండే సెప్టిన్లు.

మానవ జన్యువుల పేర్ల విషయంలో ఒక చిన్న ముచ్చట. వీటి పాత గుర్తులు ఇంగ్లిష్‌లో సెప్టెంబరుకు వాడే పొట్టిపేరులా ఉండటంతో లెక్కల పట్టికల సాఫ్ట్‌వేర్ వాటిని తేదీలుగా మార్చేసేది. అలా పాడైన పట్టికలు ప్రచురితమైన పరిశోధనల్లోకీ చేరాయి. చివరికి 2020లో జన్యు నామకరణ సంఘం మానవ జన్యువుల గుర్తులనే మార్చింది.

కలిపి తయారు చేయడం ఎందుకు

సెప్టిన్ విడిగా బతకలేని ప్రోటీన్. ప్రతి సెప్టిన్ అణువుకూ పొరుగు సెప్టిన్‌ను పట్టుకునే రెండు ముఖాలుంటాయి. ఒకటి జీటీపీ కూర్చునే చోటును ఆనుకుని ఉండే జీ ముఖం. రెండోది ప్రోటీన్ రెండు కొనలూ కలిసే ఎన్‌సీ ముఖం. కణంలో ఈ ముఖాలు ఎప్పుడూ భాగస్వామితో కప్పబడి ఉంటాయి. ఒక్క సెప్టిన్‌నే బాక్టీరియాలో తయారు చేయిస్తే తెరిచి ఉన్న ముఖాలు దొరికినదాన్ని పట్టుకుంటాయి. ఒకే రకం అణువులు తప్పుడు జతలు కడతాయి, లేదా ప్రోటీన్ గడ్డకట్టి కరగని ముద్దగా కణంలో పేరుకుంటుంది. విడివిడిగా శుద్ధిచేసిన వాటిని తర్వాత గొట్టంలో కలిపితే సరైన సంకీర్ణం వస్తుందన్న భరోసా లేదు. భాగస్వాములు రైబోసోముల నుంచి వెలువడుతుండగానే పక్కపక్కన ఉంటే సరైన జత సులువుగా కుదురుతుంది. సహవ్యక్తీకరణ వెనుక ఉన్న తర్కమంతా ఇదే.

ఈ పద్ధతి రాకముందు ఈగ సెప్టిన్ల సంకీర్ణాన్ని ఈగ నుంచే తీయాల్సి వచ్చేది. 1996లో క్రిస్టీన్ ఫీల్డ్, బ్రూస్ ఆల్బర్ట్స్, టిమోతీ మిచిసన్ బృందం పెద్ద మొత్తంలో ఈగ పిండాలను నూరి, పీనట్‌ను గుర్తుపట్టే ప్రతిరక్షకంతో సంకీర్ణాన్ని పట్టి తీసింది. అందులో పీనట్, సెప్2, సెప్1 దాదాపు సమాన నిష్పత్తిలో ఉన్నాయి. వాటి బరువులు ఉజ్జాయింపుగా 60, 50, 40 కిలోడాల్టన్లు. ఒక్కో సెప్టిన్‌కు సుమారు ఒక గ్వానిన్ న్యూక్లియోటైడ్ అంటుకుని ఉంది. పోగుల పొడవులు దాదాపు 26 నానోమీటర్ల గుణిజాలుగా వచ్చాయి, అంటే ఆ కొలత గల ముక్క పోగుకు మూలఘటకం. శుద్ధిచేసిన సెప్టిన్లు కణం సాయం లేకుండా తమంతట తామే పోగులు కడతాయని గట్టిగా చూపిన తొలి పరిశోధనల్లో ఇదొకటి. అయితే పిండాల నుంచి తీసిన సరుకుతో చేయలేని పని ఒకటుంది. సెప్టిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మార్చి ఫలితం చూడాలంటే ప్రతిసారీ కొత్త ఈగ వంశాన్ని సృష్టించాలి, పైగా ఆ మార్పుతో ఈగ బతకకపోవచ్చు. ప్లాస్మిడ్‌లో అదే మార్పు కొద్ది రోజుల పని.

బాక్టీరియాను ఎంచుకోవడంలో ఇంకో లాభం ఉంది. కోలైకి సొంత సెప్టిన్లు లేవు. అది విడిపోవడానికి ట్యూబులిన్‌కు దూరపు బంధువైన ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే వేరే ప్రోటీన్‌ను వాడుతుంది. ఈస్ట్‌లోనో కీటక కణాల్లోనో ఈగ సెప్టిన్లను తయారు చేయిస్తే ఆతిథేయి సొంత సెప్టిన్లు సంకీర్ణంలో దూరే ప్రమాదం ఉంటుంది. కోలైలో ఆ అనుమానానికే తావు లేదు.

ప్లాస్మిడ్ నిర్మాణం

ఈగ జన్యువుల్లో ఇంట్రాన్లు ఉంటాయి, వాటిని తొలగించే యంత్రాంగం బాక్టీరియాకు లేదు. అందుకే సందేశక ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసిన సీడీఎన్‌ఏ ప్రతులతో పని మొదలవుతుంది. పీనట్ 539 అమైనో ఆమ్లాల ప్రోటీన్, సెప్2 419, సెప్1 361. మూడింటి సంకేత భాగాలు కలిపి సుమారు 4,000 క్షారజతలు. వాటిని మోసే వాహకం ఐదు వేల పైచిలుకు ఉంటే, మూడూ చేరిన ప్లాస్మిడ్ తొమ్మిది వేలు దాటుతుంది. అంత పెద్దదైతే కణంలోకి పంపడం, ప్రతులు తీయించడం కొంత కష్టమవుతుంది. అందుకే చాలామంది జన్యువులను రెండు ప్లాస్మిడ్లకు పంచుతారు.

ప్లాస్మిడ్‌లో ఏ భాగం ఏ పని చేస్తుందో చూద్దాం. ప్రతులు మొదలయ్యే స్థానం ప్లాస్మిడ్ ఒక్కో కణంలో ఎన్ని ప్రతులుగా ఉండాలో నిర్ణయిస్తుంది. యాంటీబయాటిక్ నిరోధక జన్యువు ఉన్న కణాలే మందు కలిపిన ద్రవంలో పెరుగుతాయి, ప్లాస్మిడ్‌ను వదిలేసినవి పెరగవు. టీ7 ప్రమోటర్ వెనుక లాక్ ఆపరేటర్ ఉంటుంది, లాక్ నిరోధక ప్రోటీన్ దాన్ని అంటిపెట్టుకుని ఉన్నంతకాలం అనులేఖనం జరగదు. ఐపీటీజీ అనే చక్కెర పోలిక గల రసాయనం వేస్తే నిరోధకం విడిపోతుంది. ఆతిథేయి అయిన బీఎల్21(డీఈ3) వంశపు క్రోమోసోములో ఉన్న టీ7 పాలిమరేజ్ జన్యువు కూడా అదే ఐపీటీజీతో మేల్కొంటుంది. ప్రతి సెప్టిన్ జన్యువు ముందు రైబోసోము కూర్చునే షైన్-డాల్గార్నో వరుస తప్పనిసరి. అది లేని జన్యువు సందేశంలోకి వచ్చినా సరిగా ప్రోటీన్‌గా మారదు.

చివరిది శుద్ధికోసం తగిలించే తోకలు. సెప్టిన్ సంకీర్ణాల విషయంలో ఇక్కడే తెలివి అవసరం. ఒక సెప్టిన్‌కు ఆరు హిస్టిడిన్ల తోక, మరో సెప్టిన్‌కు స్ట్రెప్ తోక తగిలిస్తారు. మూడోదాన్ని ఏ తోకా లేకుండా వదిలేస్తారు. కణరసాన్ని ముందు నికెల్ స్తంభం గుండా, తర్వాత స్ట్రెప్-టాక్టిన్ స్తంభం గుండా పంపితే రెండు తోకలూ ఉన్న సంకీర్ణాలే చివరికి మిగులుతాయి. వాటితోపాటు తోక లేని మూడో సెప్టిన్ కూడా వచ్చిందంటే అది సంకీర్ణంలో నిజంగా భాగమైందనే అర్థం. తోక అంచున ఉన్న ముఖాన్ని అడ్డుకోకూడదు కాబట్టి దాన్ని ఏ సెప్టిన్‌కు, ఏ కొనకు పెట్టాలన్నది ముందే ఆలోచించుకోవాలి. అవసరమైతే టీఈవీ అనే ఎంజైమ్‌తో దాన్ని కోసేయడానికి మధ్యలో కోత స్థానం ఉంచుతారు.

రకాలు

మూడు అమరికలు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఒకే ప్రమోటర్ కింద వరుసగా రెండు మూడు జన్యువులను పేర్చే ఆపరాన్ పద్ధతి. బాక్టీరియా తన సొంత జన్యువులనూ ఇలాగే అమర్చుకుంటుంది కాబట్టి ఇది దానికి కొత్త కాదు. సాధారణంగా వరుసలో ముందున్న జన్యువుకు ప్రోటీన్ ఎక్కువ, చివరిదానికి తక్కువ. రెండోది ఒకే ప్లాస్మిడ్ మీద ప్రతి జన్యువుకూ సొంత ప్రమోటర్ పెట్టడం. డ్యుయెట్ పేరుతో అమ్మే వాహకాలు ఈ కోవవి. పీఈటీ-డ్యుయెట్‌లో రెండు టీ7 ప్రమోటర్లు, రెండు జన్యుస్థానాలు ఉంటాయి. మూడోది జన్యువులను రెండు ప్లాస్మిడ్లకు పంచి ఒకే కణంలో ఉంచడం.

ఈగ సెప్టిన్లతో చేసిన పనిలో మూడో పద్ధతికే ప్రాధాన్యం దక్కింది. ఫ్రాన్స్‌లో మార్సెయ్‌కు చెందిన మనోస్ మావ్రాకిస్, నెదర్లాండ్స్‌కు చెందిన గైజీ కూండరింక్ బృందాలు ఈగ సెప్టిన్ల ఆరు అణువుల సంకీర్ణాన్ని కోలైలో తయారుచేసి, ఆక్టిన్‌పై దాని ప్రభావాన్ని 2014లో ప్రచురించాయి. ఈగ, మానవ సెప్టిన్ సంకీర్ణాల శుద్ధి విధానాన్ని 2016లో విడిగా వివరంగా రాశాయి. లాభాపేక్ష లేకుండా ప్లాస్మిడ్లను నిల్వచేసి పంపే యాడ్‌జీన్ వంటి భాండారాల నుంచి సెప్టిన్ ప్లాస్మిడ్లను ఇతర ప్రయోగశాలలు తెప్పించుకోవచ్చు.

సహజీవన నియమం: ప్లాస్మిడ్ల అనుకూలత

రెండు ప్లాస్మిడ్లను ఒకే కణంలో ఉంచడం చెప్పినంత తేలిక కాదు. ప్రతులు మొదలయ్యే స్థానాలు ఒకే జాతివైతే కణం వాటి మధ్య తేడా గుర్తించదు. రెండింటికీ కలిపి ఒకే లెక్క నడుస్తుంది. తరాలు గడిచేకొద్దీ కొన్ని కణాల్లో ఒకటి, మిగతా కణాల్లో రెండోది మాత్రమే మిగులుతుంది. దీన్ని ప్లాస్మిడ్ల అననుకూలత అంటారు. అందుకే సహవ్యక్తీకరణలో కోల్‌ఈ1 జాతి స్థానం ఉన్న ప్లాస్మిడ్‌కు తోడుగా క్లోడీఎఫ్13 స్థానమో పీ15ఏ స్థానమో ఉన్నది ఎంచుకుంటారు. ఒకదానికి ఆంపిసిలిన్, మరోదానికి స్పెక్టినోమైసిన్ నిరోధకత ఇచ్చి, పెరుగుదల ద్రవంలో రెండు మందులూ కలుపుతారు. డ్యుయెట్ శ్రేణిలో పీఈటీకి కణానికి సుమారు 40 ప్రతులు, పీఏసీవైసీకి 10–12 ప్రతులు. ఈ తేడాను సెప్టిన్ల మోతాదును సరిచూసుకోవడానికి కూడా వాడుకోవచ్చు.

ఈ నియమంతో నేరుగా తలపడి పేరు తెచ్చుకున్నవాడు కోల్‌కతాలో చదువుకున్న శాస్త్రవేత్త. ఆనంద మోహన్ చక్రవర్తి (1938–2020) పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లా సాయింథియాలో పుట్టి, సెయింట్ జేవియర్స్ కళాశాలలో చదివి, 1965లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందాడు. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో సూడోమోనాస్ బాక్టీరియాపై పనిచేసి, 1971లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరాడు. కర్పూరాన్ని, ఆక్టేన్‌ను, శాలిసిలేట్‌ను, నాఫ్తలీన్‌ను జీర్ణించుకునే శక్తి సూడోమోనాస్ వంశాల్లో వేర్వేరు ప్లాస్మిడ్ల మీద ఉంది. వాటన్నిటినీ ఒకే కణంలోకి చేర్చితే ముడిచమురులోని పలు పదార్థాలను ఒకే బాక్టీరియా తినగలదన్నది ఆయన ఆలోచన. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కర్పూర ప్లాస్మిడ్, ఆక్టేన్ ప్లాస్మిడ్ ఒకే కణంలో కలిసి నిలవవు. ఆయన అతినీలలోహిత కాంతితో ఆ రెండింటినీ కలిపి ఒకే ప్లాస్మిడ్‌గా అతుక్కునేలా చేశాడు. మిగతావాటిని బాక్టీరియాలు సహజంగా జరుపుకునే సంయుగ్మం ద్వారా చేర్చాడు. ఎంజైమ్‌తో కోసి అతికించే పద్ధతి ఇంకా అందుబాటులోకి రాని రోజులవి.

1972లో వేసిన పేటెంట్ దరఖాస్తులో ఆయన కోరింది బాక్టీరియా మీదే హక్కు. ప్రాణమున్న వస్తువుకు పేటెంట్ ఇవ్వలేమని కార్యాలయం తిరస్కరించడంతో వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980 జూన్ 16న కోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఇటు, నలుగురు అటుగా ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది, 1981లో పేటెంట్ మంజూరైంది. ఈ తీర్పును జీవసాంకేతిక పరిశ్రమకు పునాది అంటూ ప్రస్తావించడం పరిపాటి. ప్లాస్మిడ్ల చరిత్ర దృష్టితో చూస్తే కర్పూర, ఆక్టేన్ ప్లాస్మిడ్ల కలయిక కూడా అంతే ముఖ్యం. ఒకచోట ఇమడని రెండింటిని ఆయన ఒకే వలయంగా అతికించాడు, నేటి సెప్టిన్ ప్రయోగం వేర్వేరు ప్రారంభ స్థానాలు ఎంచుకుని అవి పోటీ పడకుండా చూస్తుంది. సమస్య మాత్రం ఒకటే. (చూడండి: సంయుగ్మం, జీవుల పేటెంట్లు.)

కోల్‌కతాలో నేపథ్యం

ఈగ జన్యుశాస్త్రానికి భారతదేశంలో చక్రవర్తి చదువుకున్న కోల్‌కతా తొలి కేంద్రాల్లో ఒకటి. ఎస్.పి. రాయ్‌చౌధురి 1930ల చివర ఎడిన్‌బరోలో హెర్మన్ ముల్లర్ దగ్గర డ్రోసోఫిలాపై పనిచేసి, అతి మందకొడిగా తగిలే వికిరణం కూడా మొత్తం మోతాదుకు తగ్గట్టు ఉత్పరివర్తనలు కలిగిస్తుందని చూపాడు. ఆ పరిశోధన 1944లో అచ్చయింది. తర్వాత ఆయన కలకత్తాలోనూ, ఆపైన బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోనూ శిష్యులను తయారుచేశాడు. అర్ధేందు శేఖర్ ముఖర్జీ 1965లో జర్మనీ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ బేర్‌మన్‌తో కలిసి, ఈగ లాలాజల గ్రంథుల్లోని భారీ క్రోమోసోములపై రేడియోధార్మిక యూరిడిన్ వాడి, మగ ఈగలో ఉన్న ఒక్క ఎక్స్ క్రోమోసోము ఆడ ఈగలోని రెండింటికి దీటుగా ఆర్‌ఎన్‌ఏ తయారు చేస్తుందని నిరూపించాడు. మోతాదు సమతుల్యతకు ప్రత్యక్ష సాక్ష్యంగా ఆ వ్యాసం ఇప్పటికీ ఉటంకింపు పొందుతుంది. బాలీగంజ్‌లోని కలకత్తా విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో ఆయన ఈగ జన్యుశాస్త్రాన్ని కొనసాగించాడు.

ప్రోటీన్లను బాక్టీరియాలో తయారుచేసి పరీక్షించే పని ఆ తరం తర్వాతిది. నగరంలోనూ చుట్టుపక్కలా అందుకు తగిన సంస్థలున్నాయి: 1917లో జగదీశ్ చంద్ర బోస్ స్థాపించిన బోస్ ఇన్‌స్టిట్యూట్, జాదవ్‌పూర్‌లోని భారతీయ రసాయన జీవశాస్త్ర సంస్థ, బిధాన్‌నగర్‌లోని సాహా అణుభౌతిక సంస్థ. నదియా జిల్లా మోహన్‌పూర్‌లో ఉన్న ఐసర్ కోల్‌కతాను 2006లో స్థాపించారు. అక్కడి జీవశాస్త్ర విభాగంలో ఆక్టిన్, ఫార్మిన్ వంటి కణకంకాళ ప్రోటీన్లపై పరిశోధన జరుగుతోంది. సెప్టిన్లు కూడా ఆ కణకంకాళంలో భాగమే. ఆక్టిన్, సూక్ష్మనాళికలు, మధ్యస్థ పోగుల తర్వాత వీటిని నాలుగో భాగంగా లెక్కిస్తారు.

ఈ నగరానికి సెప్టిన్లతో మరో వైపు నుంచి కూడా సంబంధం కలపవచ్చు. 2010లో సెర్జ్ మోస్టోవీ బృందం, మన కణాల్లోకి చొరబడిన షిగెల్లా బాక్టీరియాల చుట్టూ సెప్టిన్లు పంజరంలా అల్లుకుని వాటిని కదలనివ్వవని చూపింది. షిగెల్లా వల్ల వచ్చే రక్తవిరేచనాలు 1984లో పశ్చిమ బెంగాల్‌లో మహమ్మారిలా వ్యాపించాయి. 1962లో కలరా పరిశోధన కేంద్రంగా మొదలై 1979లో జాతీయ కలరా, ఆంత్ర వ్యాధుల సంస్థ (నైసెడ్)గా పేరు మారిన సంస్థ ఉన్నదీ కోల్‌కతాలోనే. పంజరం ఎలా కట్టబడుతుందో అణుస్థాయిలో తెలుసుకోవడానికి శుద్ధమైన సెప్టిన్ సంకీర్ణాలు అవసరమవుతాయి.

పని విధానం

రెండు ప్లాస్మిడ్లను బీఎల్21(డీఈ3) కణాల్లోకి పంపి, రెండు యాంటీబయాటిక్‌లు ఉన్న పళ్లెంపై పరుస్తారు. ఈగ జన్యువుల్లో కోలై అరుదుగా వాడే సంకేతాలు అడ్డుపడతాయనుకుంటే, ఆ సంకేతాలకు కావలసిన టీఆర్‌ఎన్‌ఏలను అదనంగా మోసే వంశాన్ని ఎంచుకుంటారు. అయితే ఆ వంశంలో ఇప్పటికే క్లోరాంఫెనికాల్ నిరోధకత ఉన్న మరో ప్లాస్మిడ్ ఉంటుంది, కాబట్టి అనుకూలత లెక్క మూడు ప్లాస్మిడ్లకు చూసుకోవాలి. కణాలు తగినంత పెరిగాక ఐపీటీజీ వేసి, చాలా పద్ధతుల్లో ఉష్ణోగ్రతను 17–18 డిగ్రీలకు తగ్గించి రాత్రంతా ఊపుతారు. చల్లగా ఉంటే ప్రోటీన్ నెమ్మదిగా తయారై, సరిగ్గా మడుచుకునే వ్యవధి దొరుకుతుంది.

కణాలను పగలగొట్టేటప్పుడు ఉప్పు గాఢతే అతి ముఖ్యం. పొటాషియం క్లోరైడ్‌గానీ సోడియం క్లోరైడ్‌గానీ 300–500 మిల్లీమోలార్ ఉంటే సంకీర్ణాలు ఆరు అణువుల ముక్కలుగా విడివిడిగా ఉంటాయి. ఉప్పు 100 మిల్లీమోలార్ ప్రాంతానికి తగ్గితే ముక్కలు కొనకు కొన తగులుకుని పోగులవుతాయి. శుద్ధి అంతా ఎక్కువ ఉప్పులో జరిపి, పోగులు చూడాలనుకున్నప్పుడు మాత్రమే ఉప్పు తగ్గిస్తారు. ద్రావణంలో మెగ్నీషియం, కొంత జీడీపీ ఉంచడం కూడా మామూలే. రెండు స్తంభాల తర్వాత పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ స్తంభం గుండా పంపుతారు. చివరి పరీక్ష ఎస్‌డీఎస్ జెల్ మీద మూడు పట్టీలు సమానంగా కనపడటం. ఒకటి పలచబడితే సంకీర్ణంలో లోపం ఉన్నట్టే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆరు చుక్కల చిన్న కర్రల్లా కనిపించే అణువులను లెక్కపెట్టి నిర్ధారించుకుంటారు.

తెలిసినవి

మావ్రాకిస్, కూండరింక్ బృందాల 2014 నాటి పనిలో ఈగ, మానవ సెప్టిన్ సంకీర్ణాలు రెండూ ఆక్టిన్ పోగులను అడ్డంగా కలిపి, వంగిన కట్టలుగా, వలయాలుగా మార్చాయి. కణం విడిపోయేటప్పుడు నడుము దగ్గర బిగుసుకునే ఆక్టిన్ వలయానికి ఇది సూటిగా సంబంధించిన ఫలితం. ఈగ పిండంలో ఒకే కణద్రవ్యంలో ఉన్న సుమారు 6,000 కేంద్రకాల చుట్టూ ఒకేసారి పొరలు దిగి కణాలు ఏర్పడే దశ ఉంది, ఆ పొరల అంచున కూడా పీనట్ ఉంటుంది. 2021లో వెలువడిన మరో అధ్యయనం, ఈగ సెప్టిన్లు కణపొరలోని ఫాస్ఫోయినోసిటైడ్ కొవ్వులపై వాలినప్పుడు ద్రావణంలో కన్నా క్రమబద్ధంగా పోగులు కడతాయని చూపింది. డీఎన్‌ఏ ప్రతులకు తోడ్పడే ఓఆర్‌సీ6 ప్రోటీన్ పీనట్‌ను పట్టుకుని సెప్టిన్ల జీటీపీ చర్యనూ పోగుల నిర్మాణాన్నీ పెంచుతుందని ఇగోర్ చెస్నోకోవ్ బృందం కనుగొంది. ప్రతుల తయారీ, కణవిభజన అనే రెండు ఘట్టాల మధ్య అనుకోని లంకె ఇది.

వరుస క్రమంపై సవరణ

ఈ రంగంలో అందరూ నమ్మిన ఒక లెక్క పన్నెండేళ్ల తర్వాత తిరగబడింది. 2007లో మిన్హాజుద్దీన్ సిరాజుద్దీన్, ఆల్‌ఫ్రెడ్ విట్టింగ్‌హోఫర్ బృందం జర్మనీలోని డార్ట్‌మండ్‌లో మానవ సెప్టిన్ సంకీర్ణపు స్ఫటిక నిర్మాణాన్ని సుమారు 4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ప్రకటించింది. (సిరాజుద్దీన్ తర్వాత బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థలో పరిశోధన బృందాన్ని నడిపాడు.) దాని ప్రకారం వరుస 7-6-2-2-6-7, అంటే కొనల్లో సెప్టిన్7. ముఖాలు పట్టుకునే తీరు అంతా అందులో సరిగ్గానే ఉంది. 2019 నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పరిశోధనలు మాత్రం కణాల్లో, ద్రావణాల్లో ఉండే ముక్క 2-6-7-7-6-2 అని, కొనల్లో ఉన్నది సెప్టిన్2 అని చూపాయి. స్ఫటికంలోని పొడవాటి గొలుసును ఎక్కడ తెంచి ముక్కగా లెక్కించాలన్న దగ్గరే తేడా వచ్చింది. ఉప్పుకు విడిపోయేది సెప్టిన్2 ఎన్‌సీ ముఖాల జంట. ఇదే పోలికతో ఈగలో వరుస సెప్1-సెప్2-పీనట్-పీనట్-సెప్2-సెప్1 అని ఇప్పుడు రాస్తున్నారు. 2019కి ముందు గీసిన పటాలను చదివేవారు ఈ సవరణ గుర్తుంచుకోవాలి. తోకలు ఎక్కడ పెట్టాలన్న పాత నిర్ణయాలు కూడా పాత వరుస ఆధారంగా తీసుకున్నవే.

పరిమితులు

బాక్టీరియా ఈగ కణం కాదు. ఫాస్ఫేట్ చేర్చడం, సుమో అనే చిన్న ప్రోటీన్‌ను చేర్చడం వంటి మార్పులు సెప్టిన్లపై ఈగలో జరుగుతాయి, కోలైలో జరగవు. అలాంటి మార్పు ప్రభావం చూడాలంటే, ఆతిథేయి సెప్టిన్లు దూరే ప్రమాదం ఉన్నా, కీటక కణాల్లో బాక్యులోవైరస్ పద్ధతే మేలు. శుద్ధిచేసిన సెప్టిన్లలో తోకలు మిగిలి ఉంటే అవి పొరలకు అంటుకునే గుణాన్ని కొంత మార్చే అవకాశం ఉంది. మూడు జన్యువులూ ఒకే మోతాదులో వ్యక్తం కావు, కాబట్టి అదనంగా తయారైన సెప్టిన్ ఒంటరిగా గడ్డకట్టి చివరి దిగుబడిని తగ్గిస్తుంది.

నియంత్రణ

భారతదేశంలో ఇలాంటి పనికి పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) కింద 1989లో చేసిన నియమాలు వర్తిస్తాయి. జన్యుపరంగా మార్చిన సూక్ష్మజీవుల తయారీ, వాడకం, దిగుమతి, నిల్వ వాటి పరిధిలోకి వస్తాయి. పరిశోధనా సంస్థలో జీవభద్రతా కమిటీ ఉండాలి. దాని పైన జీవసాంకేతిక విభాగం కింద పనిచేసే జన్యు మార్పిడి సమీక్ష కమిటీ ఉంటుంది. బీఎల్21 వంటి రోగకారకం కాని వంశాల్లో ఈగ సెప్టిన్ జన్యువులు తక్కువ ప్రమాద వర్గంలోకే వస్తాయి. పీఈటీ జాతి వాహకాలకు సంయుగ్మం ద్వారా తమంతట తాము వేరే బాక్టీరియాలోకి దూకే జన్యువులు లేవు. అయినా వాటిపై యాంటీబయాటిక్ నిరోధక జన్యువులున్నందున, వాడిన ద్రవాలన్నిటినీ ఆటోక్లేవ్ చేశాకే పారబోస్తారు.

మిగిలిన రెండు సెప్టిన్లు

ఈగ సెప్టిన్లపై శుద్ధ ప్రోటీన్లతో జరిగిన పని అత్యధికంగా సెప్1, సెప్2, పీనట్ త్రయానికే పరిమితం. సెప్4, సెప్5 తమ వర్గంలోని తోటి సెప్టిన్ స్థానంలో సంకీర్ణంలో కూర్చోగలవని వరుస పోలిక సూచిస్తుంది. సెప్5 లేని ఈగలు బతుకుతాయి, సెప్2 దాని పనిని కొంతవరకు భర్తీ చేస్తుందని భావిస్తారు. ప్లాస్మిడ్ దృష్టిలో ఇది పెద్ద మార్పు కాదు. సెప్2 ఉన్న చోట సెప్5ను, సెప్1 ఉన్న చోట సెప్4ను చేర్చి, మిగతాదంతా అలాగే ఉంచి అదే రెండు స్తంభాల గుండా పంపితే సరిపోతుంది.